వేలిముద్రల్లో గ్రహణం జాడ లేదు

రేషన్ బియ్యానికి వేలిముద్ర. పింఛనుకు వేలిముద్ర. ఆధార్‌కైతే పది వేళ్లూ. దుమ్ముగూడెం, చర్ల వైపు పల్లెల్లో సంతకం రాని పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు గానీ వేలిముద్ర వేయనివాళ్లు కనిపించడం కష్టం. మనిషిని గుర్తుపట్టడానికి ప్రభుత్వం నమ్ముకున్న ఆ గీతల మీద వైద్యులకూ దాదాపు వందేళ్లుగా ఓ కన్నుంది. పుట్టుకతో వచ్చే లోపాల ఆనవాళ్లు వాటిలో దొరుకుతాయేమోనని వెతుకుతూనే ఉన్నారు. అలా వెతికిన లోపాల్లో పెదవి చీలిక, అంగిలి చీలిక ముఖ్యమైనవి. మనవాళ్లు గ్రహణం మొర్రి అంటారే, అదే.

ఈ పరిశోధనలను చూసి ‘వేలిముద్రలతో మొర్రిని ముందే పసిగట్టొచ్చు’ అనేవాళ్లున్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఫలానా ఇంట్లో మొర్రితో బిడ్డ పుడుతుందో లేదో వేలిముద్ర చెప్పలేదు. కానీ ఆ గీతలు ఏర్పడే తీరు తెలుసుకుంటే మరో సంగతి బోధపడుతుంది. మొర్రి ఎప్పుడు ఏర్పడుతుందన్న సంగతి. అదొక్కటి ఇంటిల్లిపాదికీ తెలిస్తే చాలామంది తల్లుల మీద పడుతున్న నింద తొలగిపోతుంది. వైద్యం ఎప్పుడు, ఎక్కడ మొదలు కావాలో కూడా తేలుతుంది.

ఏ గీతల గురించి ఈ మాట?

చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లు చదివేవి పెద్ద గీతలు. అవి చెయ్యి ముడుచుకునే చోట పడిన మడతలు. వైద్యులు చూసేవి వేరు. వేలి కొనల మీద, అరచేతి నిండా, దుక్కి దున్నిన చేనులో చాళ్లలా పక్కపక్కనే సాగే సన్నటి గట్లు. వేలి కొనకు వచ్చేసరికి ఇవి మూడు తీరులుగా తిరుగుతాయి. మన పెద్దలు శంఖం, చక్రం అని పిలిచేవి రెండు. విల్లులా వంగి దాటిపోయేది మూడోది. సాధారణంగా శంఖాలు ఎక్కువ, తర్వాత చక్రాలు, విల్లు తీరు తక్కువ.

వీటి అధ్యయనానికి 1926లో అమెరికా శరీరశాస్త్రవేత్త హెరాల్డ్ కమిన్స్ డెర్మటోగ్లిఫిక్స్ అని పేరు పెట్టారు. చర్మం మీద చెక్కడం అని దాని అర్థం. డౌన్ సిండ్రోమ్ పిల్లల చేతిగీతల్లో ప్రత్యేకమైన తీరు ఉందని 1930ల్లో చూపించిందీ ఆయనే. ఆ జబ్బుకు కారణం అదనపు క్రోమోజోమ్ అని తెలిసింది 1959లో. అంతవరకూ వైద్యుడికి చెయ్యి చూడటం కొంత ఆసరా. క్రోమోజోమ్ పరీక్ష వచ్చాక చేతిగీతలు వెనక్కి జరిగాయి. ఇప్పటికీ బిడ్డ అరచేతిలో ఒకే అడ్డగీత ఉంటే మేం గమనిస్తాం. కానీ ఏ లోపమూ లేనివాళ్లలోనూ ఆ గీత ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి జబ్బును తేల్చం.

ఒకే కాలంలో జరిగే పనులు

మరి చేతిగీతలకూ పెదవికీ సంబంధం ఏమిటి? రెండూ కడుపులో దగ్గరదగ్గర రోజుల్లోనే తయారవుతాయి. అదే సంబంధం.

గర్భం నిలిచిన నాటి నుంచి లెక్కేస్తే, నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య పై పెదవి తయారవుతుంది. ముక్కు కింద నుంచి దిగే మధ్య భాగం, చెంపల వైపు నుంచి వచ్చే రెండు భాగాలు వచ్చి అతుక్కుంటాయి. అంటే అయిదో వారంలో మనందరి పెదవీ చీలి ఉన్నదే. అద్దంలో చూసుకోండి. ముక్కు కింద చిన్న పల్లం, దానికి ఇరువైపులా రెండు సన్న గట్లు ఉంటాయి. ఇంచుమించు అక్కడే ఆ అతుకు పడింది. ఏ కారణం చేతనైనా అతుకు పూర్తికాకపోతే అదే పెదవి చీలిక. ఆ తర్వాత నాలుకకు అటూ ఇటూ ఉన్న రెండు పలకలు పైకి లేచి, రెండు తలుపుల్లా మధ్యలో కలుసుకుంటాయి. అదే అంగిలి. పన్నెండో వారానికల్లా ఆ పనీ ముగుస్తుంది.

ఇదే సమయంలో చేతుల దగ్గర ఇంకో పని నడుస్తుంటుంది. ఆరు, ఏడు వారాలకు వేలి కొనల మీద, అరచేతిలో చిన్న మెత్తలు ఉబుకుతాయి. పది, పదకొండు వారాల నుంచి ఆ మెత్తలు తగ్గుతూ ఉంటే వాటి మీద గట్లు ఏర్పడటం మొదలవుతుంది. మెత్త ఎత్తుగా గుండ్రంగా ఉంటే చక్రం, ఒక పక్కకు ఒరిగితే శంఖం, పల్చగా ఉంటే విల్లు. పదిహేడో వారం నాటికి తీరు దాదాపు ఖాయమైపోతుంది. ఆ తర్వాత మనిషి పెరిగినా, ముడతలు పడినా ఆ తీరు మారదు.

ఈ పనుల వెనకున్న జన్యువుల్లోనూ కొంత చుట్టరికం ఉంది. వేలి మీద గట్లు ఒక క్రమంలో అలల్లా ఎలా పరుచుకుంటాయో ఎడిన్‌బరా శాస్త్రవేత్తలు 2023లో సెల్ పత్రికలో వివరించారు. అందులో ముఖ్యపాత్ర డబ్ల్యూఎన్‌టీ అనే జన్యు సంకేతాలది. పెదవి అతుక్కోవడంలోనూ ఆ సంకేతాలకు పాత్ర ఉంది.

పరిశోధకుల ఆలోచన ఏమిటంటే, ఆ వారాల్లో పిండం ఎదుగుదల తడబడితే పెదవి మీద, చేతిగీతల మీద రెండు చోట్లా దాని గుర్తు పడాలి. ముఖ్యంగా కుడి ఎడమ చేతుల్ని పోల్చారు. రెండు చేతుల్నీ తయారుచేసేది ఒకే జన్యువులు కాబట్టి గీతలు దాదాపు ఒకేలా ఉండాలి. తేడా ఎక్కువైతే ఎదుగుదల కుదురుగా సాగలేదని అర్థం చేసుకున్నారు. 1967లో ఆడమ్స్, నిస్వాండర్ అనే ఇద్దరు పరిశోధకులు, కుటుంబంలో అంతకుముందు మొర్రి ఉన్న పిల్లల చేతుల్లో ఈ తేడా ఎక్కువగా ఉందని రాశారు. తర్వాత చైనాలో చూశారు. మన దేశంలో దంతవైద్య కళాశాలలు ఎన్నో చిన్న చిన్న అధ్యయనాలు చేశాయి. ఒకరికి శంఖాలు ఎక్కువగా కనిపించాయి, ఇంకొకరికి విల్లు తీరు ఎక్కువైంది. ఒకచోట చేతుల మధ్య తేడా తేలింది, మరోచోట తేలలేదు. గుంపుగా చూస్తే ఏదో సంబంధం ఉన్నట్టే ఉంది. ఆ సంబంధం మాత్రం బలహీనమైనది.

పరీక్షగా ఎందుకు పనికిరాదు?

మొదటి కారణం చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. బిడ్డ వేలిముద్ర తీయాలంటే బిడ్డ పుట్టాలి. పుట్టాక పెదవి కంటికే కనిపిస్తుంది. ఇక ముద్రతో పనేముంది?

‘అయితే తల్లిదండ్రుల ముద్రలు చూసి పుట్టబోయే బిడ్డ సంగతి చెబుదాం’ అంటారు. ఇక్కడ లెక్క అడ్డం వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్ శస్త్రచికిత్స నిపుణులు చేసి, 2010లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మన దగ్గర ప్రతి వెయ్యి జననాలకు 1.09 మంది మొర్రితో పుడుతున్నారు. లక్ష జననాల్లో 109 మంది. లెక్క కోసం ఒక మాట అనుకుందాం. చేతిలో ఫలానా గుర్తు ఈ బిడ్డల తల్లిదండ్రుల్లో నూటికి నలభై మందికి, మిగతావాళ్లలో నూటికి ఇరవై మందికి ఉందనుకోండి. వినడానికి రెట్టింపు, గొప్ప తేడాలా ఉంటుంది. ఇప్పుడు లక్ష ఇళ్లలో చెయ్యి చూస్తే దాదాపు 20 వేల ఇళ్లలో ఆ గుర్తు దొరుకుతుంది. వాటిలో నిజంగా మొర్రి బిడ్డ పుట్టేది 44 ఇళ్లలో. గుర్తు లేదని ధైర్యం చెప్పి పంపిన ఇళ్లలో మరో 65 మంది మొర్రితో పుడతారు. ఇరవై వేల కుటుంబాలను భయపెట్టి, అరవై అయిదు కుటుంబాలకు తప్పుడు భరోసా ఇచ్చేదాన్ని పరీక్ష అనలేం.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. తల్లికో తండ్రికో కింది పెదవి మీద రెండు చిన్న గుంటలు ఉన్నాయేమో చూడాలి. వాన్ డర్ వౌడ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపానికి అది గుర్తు. అది ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జన్యువు వచ్చే అవకాశం సగానికి సగం. ఇలాంటివి తక్కువే. కానీ ఒక్క చూపుతో దొరికే ఈ గుర్తు పది వేలిముద్రల కన్నా ఎక్కువ చెబుతుంది. కుటుంబంలో ఇంకెవరికైనా మొర్రి ఉందా, మేనరికమా అని అడగాలి. పైన చెప్పిన 2010 అధ్యయనంలోనూ రక్తసంబంధీకుల పెళ్లిళ్లకూ మొర్రికీ సంబంధం కనిపించింది. అయితే మేనరికం కాని ఇళ్లలోనూ మొర్రి వస్తుంది. అమ్మానాన్నలకు లేకుండా ఒక బిడ్డకు మొర్రి వస్తే, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి అయిదు. మిగతా 95 మందికి పైగా పిల్లలు మామూలు పెదవితోనే పుడతారు. భయపడి ఇంక పిల్లలే వద్దనుకునే దంపతులకు ఈ లెక్క చెప్పాలి. అయిదో నెలలో చేసే టిఫా స్కాన్‌లో పెదవి చీలిక చాలావరకు తెలుస్తుంది. అంగిలి ఒక్కటే చీలి ఉంటే స్కాన్‌లో తప్పిపోవచ్చు.

వేలిముద్రల పేరుతో ఇప్పటికే ఓ వ్యాపారం నడుస్తోంది. పిల్లల ముద్రలు స్కాన్ చేసి తెలివితేటలు, చదవాల్సిన కోర్సు చెబుతామంటూ డీఎంఐటీ పేరుతో డబ్బు వసూలు చేస్తున్నారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ చెప్పింది. మొర్రి పేరుతో అలాంటి ఇంకో దుకాణం తెరుచుకోకూడదు.

నింద ఎవరి మీద?

ఇక అసలు సంగతికి వద్దాం. మొర్రి ఉన్న బిడ్డను ఆస్పత్రికి తెచ్చిన ఇళ్లలో అత్తల నోటి నుంచి తరచూ వచ్చే మాట ఒకటుంది. ‘గ్రహణం పూట కత్తిపీట ముట్టొద్దంటే విన్లేదు డాక్టరమ్మా, అందుకే ఇట్లయింది’. బాలింత తల దించుకుంటుంది. చాలామంది నిజమేనేమో అని తామే నమ్ముతారు.

పైన చెప్పిన వారాలను ఇక్కడ పెట్టి చూడండి. ఏడో వారానికి పెదవి, పన్నెండో వారానికి అంగిలి పూర్తయిపోయాయి. ఆరో నెలలో గ్రహణం చూసిందనో, ఎనిమిదో నెలలో కూరగాయలు కోసిందనో అన్నప్పుడు, ఆ పెదవి సంగతి నెలల కిందటే తేలిపోయింది. అతుక్కున్న పెదవిని ఏ గ్రహణమూ చీల్చదు. మొదటి నెలల్లో గ్రహణం పడితేనో అంటారా? మన దగ్గర గ్రహణం కనపడని ఏడాదిలోనూ, అది కనపడని దేశాల్లోనూ మొర్రి పిల్లలు పుడుతూనే ఉన్నారు.

ఈ నమ్మకం మన ఒక్కరిదే కాదు. మెక్సికోలో అజ్‌టెక్‌లు గ్రహణాన్ని చంద్రుణ్ని కొరకడంగా భావించారు. గర్భిణి చూస్తే బిడ్డ మూతి కూడా అలాగే కొరికినట్టు అవుతుందని భయపడ్డారు. వాళ్ల విరుగుడు ఏమిటో తెలుసా? గర్భిణి పొట్ట దగ్గర రాతి కత్తి పెట్టుకోవడం. మన దగ్గర కత్తి ముట్టుకుంటే దోషం, అక్కడ కత్తి దగ్గరుంటే రక్ష. రెండు చోట్లా మొర్రి మాత్రం ఆగలేదు.

పర్ణశాల వచ్చే యాత్రికులకు సీతవాగు దగ్గర రాళ్లను చూపించి, సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులివి అని చెబుతారు. భక్తితో చూసి దండం పెట్టుకుని వెళతారు. రాతి మీది గుర్తుకు అర్థం చెప్పుకుంటే ఎవరికీ నష్టం లేదు. పసిబిడ్డ పెదవి మీది గుర్తుకు తప్పుడు అర్థం చెబితే ఒక ఆడమనిషి జీవితాంతం దోషిగా మిగులుతుంది. అందుకే నాదో విన్నపం. వైద్యులం, విలేకరులం, ఆశా కార్యకర్తలం అందరం గ్రహణం మొర్రి అనే మాట వదిలేద్దాం. పెదవి చీలిక, అంగిలి చీలిక అందాం. జబ్బు పేరులోనే తప్పుడు కారణం ఉంటే, ఎన్ని అవగాహన సదస్సులు పెట్టినా ఆ పేరే గెలుస్తుంది.

గ్రహణం పూట గర్భిణి ఇంట్లో ఉంటే ఉండనివ్వండి. గంటల తరబడి తిండీ నీళ్లూ లేకుండా మాత్రం ఉంచకండి.

ఆ వారాలు దాటకముందే

ఆడవాళ్లకు నెల తప్పిందని తెలిసి, ఆస్పత్రికి వచ్చి పేరు నమోదు చేసుకునేసరికి పెదవి తయారై ఉంటుంది. పన్నెండు వారాల్లోపు నమోదు మంచిదే. అయినా పెదవి విషయంలో అది ఆలస్యమే. జాగ్రత్తలు గర్భం రాకముందే మొదలవ్వాలి.

పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి. వెన్నుపాము లోపాలను ఇది తగ్గిస్తుందనడానికి గట్టి రుజువుంది. పెదవి చీలిక విషయంలో రుజువు అంత గట్టిది కాదు. అయినా ఎలాగూ వేసుకోవాల్సిన మాత్రే. చుట్ట, బీడీ, పొగాకు మానాలి. గర్భిణి పొగ తాగితే మొర్రి ముప్పు పెరుగుతుందని తేలింది. పక్కన కూర్చుని మగవాళ్లు వదిలే పొగ కూడా మంచిది కాదు. సారా ముట్టొద్దు. షుగర్ ఉన్నవాళ్లు అది అదుపులోకి వచ్చాకే గర్భం ధరించాలి. మూర్ఛకు వాడే కొన్ని మందులు, ముఖ్యంగా ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్, టోపిరమేట్, మొర్రి ముప్పును పెంచుతాయి. ఇవి వాడేవాళ్లు సొంతంగా మానేయకూడదు. ఫిట్స్ వస్తే తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం. పెళ్లి కుదిరినప్పుడే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి.

ఇవన్నీ చేసినా కొందరికి మొర్రి వస్తుంది. దానికి ఎవరూ బాధ్యులు కారు.

ముద్రల కన్నా ముందు టార్చిలైటు

మొర్రి బిడ్డకు పుట్టిన మొదటి వారాల్లో అసలు ప్రమాదం పాలు అందకపోవడం. అంగిలి చీలి ఉంటే బిడ్డ రొమ్మును గట్టిగా చీకలేదు. పాలు ముక్కులోంచి వస్తాయి, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బరువు పడిపోతుంది. పెదవి బాగుండి అంగిలి మాత్రమే చీలిన బిడ్డ విషయంలో ఎవరికీ అనుమానం కూడా రాదు. అందుకే ప్రతి కాన్పు గదిలో, బిడ్డ పుట్టిన రోజే నోరు తెరిచి టార్చి వేసి అంగిలి చివరిదాకా చూడాలి. చూసినట్టు కార్డులో రాయాలి. దీనికి యంత్రం అక్కర్లేదు, ఖర్చు లేదు, అర నిమిషం చాలు.

చీలిక ఉంటే తల్లిపాలు పిండి, మన ఇళ్లలో ఉండే ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టాలి. బిడ్డను పడుకోబెట్టి కాదు, తల బాగా ఎత్తి, దాదాపు కూర్చోబెట్టినట్టు పట్టుకోవాలి. కొద్దికొద్దిగా పోసి, మధ్యమధ్యలో భుజాన వేసుకుని తేన్పు రానివ్వాలి. వారం వారం బరువు చూడాలి. ఇది ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్తకు క్షుణ్ణంగా రావాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి వరదల్లో దారులు మూసుకుపోతే పెద్దాస్పత్రి అందదు. ఊళ్లో ఉన్న ఆశాకు పాలు పట్టించడం తెలిస్తే చాలు, బిడ్డ నిలబడుతుంది.

బిడ్డ బరువు పెరిగితే మూడు నుంచి ఆరు నెలల మధ్య పెదవికి ఆపరేషన్ చేస్తారు. అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య, మాటలు పూర్తిగా రాకముందే చేయించాలి. ఆలస్యమైతే మాట ముక్కుతో వస్తుంది. తర్వాత చెవుల పరీక్ష, మాట నేర్పే చికిత్స, పళ్ల వరస సరిచేయడం అవసరమవుతాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ లోపం ఉంది. బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లల్ని చూసి పంపుతాయి. స్మైల్ ట్రెయిన్ వంటి సంస్థల సాయంతో ఉచితంగా ఆపరేషన్ చేసే ఆస్పత్రులూ ఉన్నాయి. అయినా పర్ణశాల అవతలి గూడెం నుంచి హైదరాబాద్ వెళ్లి వారం రోజులుండే కూలీ కుటుంబానికి ఆపరేషన్ ఉచితమైతే సరిపోదు. దారి ఖర్చు, పోయిన కూలీ, ఇంటి దగ్గర మిగతా పిల్లల్ని చూసుకునే మనిషి, ఇవీ కావాలి. ప్రభుత్వం డబ్బు పెట్టాల్సింది ఇక్కడ.

గిరిజన గూడేలకు చేతిగీతల కోసం సిరా ప్యాడ్లతో పరిశోధకులు రావడం పాత ముచ్చటే. పరిశోధనకు నేను వ్యతిరేకిని కాను. పిండం ఎదుగుదల గురించి చేతిగీతలు మనకు చాలా నేర్పాయి. కానీ మొర్రి బిడ్డ ముద్రలు తీసుకుని, కొలతలు వేసుకుని, బిడ్డను అలాగే వదిలి వెళ్లే పరిశోధన వద్దు. గిరిజనులతో పరిశోధన చేసేటప్పుడు అదనపు రక్షణ ఉండాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాళ్ల భాషలో వివరించి, ఒప్పుకుంటేనే ముద్ర తీసుకోవాలి. ముద్ర ఇచ్చిన బిడ్డకు ఆపరేషన్ అయ్యేదాకా తోడుండాలి.

మీ ఊళ్లో మొర్రి ఉన్న బిడ్డ ఉంటే ఈ వారమే ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎంకో చెప్పండి. వయసు దాటిపోయిందని ఊరుకోవద్దు. పదేళ్ల పిల్లకైనా, పెళ్లీడుకొచ్చిన కుర్రాడికైనా, పిల్లల తల్లికైనా పెదవి సరిచేయొచ్చు.

(వ్యాసకర్త ప్రభుత్వ ఆస్పత్రి వైద్యురాలు, ఎంబీబీఎస్, ఎండీ)